పిల్లిగద్దల బీడులో నిప్పు

నలభై ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. చూడనిదాన్ని చూశానని చెప్పాను. ఊరంతా నమ్మింది. నన్ను మెచ్చుకుంది కూడా. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మొదట మీతోనే చెప్పగలుగుతున్నాను.

మాది పలమనేరు పక్కన పల్లె. ఊరి వెనక పెద్ద బీడు, మోకాళ్లు దాటే గడ్డి. చలికాలం మొదలైతే ఉత్తరదేశాల నుంచి పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా చేల మీద తిరిగి మిడతల్ని తింటాయి, పొద్దుగూకితే ఆ గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. కోళ్లదొంగలని వాటిని తిట్టేవాళ్లతో నేను పోట్లాడేవాణ్ణి. బడికి వెళ్లింది తక్కువ. చిత్తూరులో పాత పుస్తకాలు కొనుక్కుని, సొంతంగా నేర్చుకున్నాను. నాకు తెలిసింది ఇంకెవరికీ తెలియదన్న మిడిసిపాటు ఉండేది. ఇప్పుడు లేదా? ఉంది, కాస్త తగ్గింది.

ఎనభైల మొదట్లో ప్రతి చలికాలం సాయంత్రాలు గట్టుమీద కూర్చుని వాటిని లెక్కపెట్టేవాణ్ణి. కుడి జేబు నిండా చింతగింజలు. ఒక గద్ద గడ్డిలోకి దిగితే ఒక గింజ ఎడమ జేబులోకి. కళ్లు దించే పని లేదు. నియమం ఒక్కటే: చప్పుడు చేయకూడదు, పడుకున్నవాటిని లేపకూడదు. ఆ నియమం పెట్టుకున్నది నేనే.

మునిరత్నం గొర్రెలు మేసేది ఆ బీడులోనే. ఎండుగడ్డికి నిప్పు పెడితే మందకు లేత చిగురు దొరుకుతుంది. గొర్రెలవాళ్లందరూ చేసే పనే. గద్దలు ఉన్నన్నాళ్లూ వద్దని అతని వెంటపడ్డాను.

"సరేలేప్పా, నీ గద్దలు పొయ్యేదాకా అగ్గిపుల్ల గియ్యను, పో," అని నవ్వాడు. "ఆకాశంలో ఉండేటివన్నీ లెక్కబెడతావు గానీ, నా గొర్రెలు ఎన్నుండాయో ఒక్కనాడన్నా అడిగినావా?"

అడగలేదు.

ఆ ఏడు అటవీశాఖవాళ్లు బీడంతా నీలగిరి చెట్లు నాటాలనుకున్నారు. పనికిరాని నేలట! ఒళ్లు మండిపోయింది. నా గింజల లెక్క చెప్పి, ఒక్కసారి వచ్చి చూడమని వాళ్ల అధికారిని బతిమాలి ఒప్పించాను. జీపు వచ్చేసరికి పొద్దుగూకింది. గద్దలన్నీ దిగిపోయాయి. బీడు ఖాళీగా కనిపించింది.

"యాడయ్యా నీ గద్దలు? జేబులో ఉండే చింతగింజలేనా?" అన్నాడాయన. డ్రైవరు కూడా నవ్వాడు.

ఆ నవ్వు తట్టుకోలేకపోయాను. చేలో పడే అడవిపందుల్ని తోలడానికి ఉంచుకున్న టపాకాయ ఒకటి నా సంచిలో ఉంది. వెలిగించి గడ్డి మీదికి విసిరాను. బీడంతా ఒక్కసారి రెక్కలై లేచింది. అధికారి నోరు తెరిచి చూశాడు. "ఈడ చెట్లు వద్దులే," అని మాటిచ్చి వెళ్లాడు. జీపు మలుపు తిరిగేదాకా గెలిచినవాడిలా నిలబడ్డాను. వెనక్కి తిరిగితే గడ్డిలో నిప్పు ఎర్రగా పాకుతోంది. కొమ్మ విరిచి కొట్టాను. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

తెల్లారేసరికి బీడు మాడి నల్లబడింది. ఊరు కూడింది. టపాకాయ చప్పుడు విన్నవాళ్లు అది పందులకే అనుకున్నారు. ఏటా గడ్డికి నిప్పు పెట్టేది ఎవరు? అందరి చూపూ మునిరత్నం మీదే. అతను నా వైపు తిరిగాడు.

"నేను మాటిచ్చినాను గదప్పా. సాయంత్రమంతా ఆడనే ఉంటివే. నువ్వే సెప్పు, నన్ను సూసినావా?"

"సూసినాను," అన్నాను.

అతను అరవలేదు. "నువ్వే ఆ మాటంటే ఇంక ఎవరికి సెప్పుకునేదప్పా," అని తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఎందుకన్నాను? నిజం చెబితే అధికారి మనసు మార్చుకుని చెట్లు నాటిస్తాడని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. గద్దల్ని కాపాడేవాడన్న పేరు పోతుందని భయపడ్డాను, అంతే. అతను మాట నిలబెట్టుకున్నాడు. తప్పింది నేను.

బీడులోకి గొర్రెలు రాకూడదని ఊరు కట్టుబాటు చేసింది. మునిరత్నం మంద అమ్ముకుని పుత్తూరు పక్క ఇటుకల బట్టీకి పోయాడు. వానలకు గడ్డి మళ్లీ లేచింది. చలికాలానికి గద్దలూ వచ్చాయి. గట్టుమీద కూర్చుని మళ్లీ మొదటి గింజ జేబు మార్చాను.

బీడు ఇప్పటికీ ఉంది. కానీ మేసే గొర్రెలు లేక ముళ్లకంప కమ్ముకొస్తోంది, గద్దలు దిగే చోటు తగ్గిపోతోంది. వేసవిలో, గద్దలు వెళ్లాక, మందల్ని రానివ్వాలని ఇప్పుడు గద్దల్ని లెక్కపెట్టడానికి వచ్చేవాళ్లు అడుగుతున్నారు. వాళ్లు చెప్పేది సరైనదే. ఊరి పెద్దలు మాత్రం "మునిరత్నం సేసింది మరిసిపోయినారా?" అంటున్నారు. మొన్న నా ఎదుటే అన్నారు, నన్నే సాక్షిగా చూపిస్తూ.

నేను చూడలేదు. నిప్పు నాది. ఇదిగో, రాశాను.

ఆదివారం మళ్లీ ఊరు కూడుతుంది. అక్కడ దీన్ని చదువుతాను. అంతకంటే ముందు, రేపు పొద్దున, పుత్తూరు వెళ్తాను. మునిరత్నం అక్కడ కూతురింట్లో ఉంటున్నాడట. తిట్టొచ్చు. నా ముఖం చూడనని లోపలికి పోవచ్చు. క్షమించమని అడగను, అది నేను అడగదగ్గది కాదు. జరిగింది చెబుతాను. నిలబడనిస్తే ఒకటి మాత్రం అడుగుతాను.

అప్పుడు నీ గొర్రెలు ఎన్ని ఉండేవప్పా, అని.