మామయ్య నేర్పిన అరబ్బీ

వీధిలో అందరూ ఆమెను కౌంటరక్క అంటారు. ఒకే పళ్ళ ఆసుపత్రిలో, ఒకే కౌంటరు వెనక తొమ్మిదేళ్ళు కూర్చుంటే ఆ పేరు రాక ఏమవుతుంది? బుగ్గ వాచినవాళ్ళని, డాక్టరు మొహం చూడకముందే ఏడుపందుకునే పిల్లల్ని, "ఇంకా ఎంతసేపమ్మా?" అని నిమిషానికోసారి లేచొచ్చే పెద్దమనుషుల్ని అక్కణ్ణుంచే సముదాయించింది. ఏడాది కిందట ఆసుపత్రి చేతులు మారింది. ఆమె కుర్చీ ఉన్నచోట నిలువెత్తు తెర ఒకటి వెలిసింది. వేలితో నొక్కితే చీటీ వస్తుంది. ఆమెకి మాత్రం కృతజ్ఞతల కాగితం ఒకటి, పూలకుండీ ఒకటి చేతిలో పెట్టి పంపారు. మొక్క నెలలోపే ఎండిపోయింది. కౌంటరు పోయినా పేరు పోలేదు. అదే పెద్ద మంట.

"కౌంటరక్కా, ఎక్కడా కుదర్లేదా ఇంకా?" పాలావిడ దగ్గర్నుంచి అందరిదీ అదే పలకరింపు.

కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. ఈ రోజుల్లో ఉద్యోగం వెతుక్కోవడమే ఒక ఉద్యోగం, కాకపోతే జీతం ఉండదు. ముందు మన వివరాల కాగితం కంప్యూటరులోకి ఎక్కించమంటారు. ఎక్కించాక, ఆ కాగితంలో ఉన్నవే మళ్ళీ ఒక్కొక్కటిగా గడుల్లో కొట్టమంటారు. ఒక్క గడి ఖాళీగా వదిలితే ఎర్రచుక్క. ఎర్రచుక్క ఉన్నంతసేపూ ముందుకి పోనివ్వదు. ఒకచోట "మీకు అనుభవం ఎక్కువైందండీ" అన్నారు. ఇంకోచోట ఇదే అనుభవాన్ని చూసి "ఆసుపత్రి కాదుగా, పళ్ళేగా" అని పెదవి విరిచారు. మూడోచోట ఒకాయన "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగాడు. "ఐదేళ్ళ సంగతి దేవుడెరుగు, ముందు ఆ కుర్చీలో కూర్చోబెట్టండి సార్, అక్కణ్ణుంచి చూస్తాను" అంది. ఆయన నవ్వాడు, రాసుకున్నాడు, కబురు చేస్తామన్నాడు. కబురు ఈనాటికీ దారిలోనే ఉంది.

అలాంటప్పుడు ఆ ప్రకటన కంటపడింది. పెద్ద ఆసుపత్రి. అరబ్బు దేశాల నుంచి వైద్యానికొచ్చే రోగుల కోసం ప్రత్యేకంగా ఒక కౌంటరు పెడుతున్నారు. అనుభవం కావాలి. అది ఉంది. వయసు పట్టింపు లేదు. అమ్మయ్య! చివర్న చిన్న అక్షరాల్లో, "అరబ్బీ ప్రాథమికంగా మాట్లాడగలగాలి. ఆరువారాల్లో పరీక్ష."

నేర్పిస్తామని లేదు. ఎక్కడ నేర్చుకోవాలో లేదు. వండిన అన్నం కావాలిగాని పొయ్యి మాత్రం వాళ్ళింట్లో వెలగకూడదు. మనవాళ్ళ కంపెనీలన్నిటిదీ ఇదే తీరు.

ముందు ఫోన్లో నేర్చుకోబోయింది. ఆ ఫోను మొదటిరోజు "ఏనుగు పాలు తాగుతోంది" అని నేర్పింది. రెండోరోజు "నా పక్కింటాయన గుర్రం అందమైనది" అంది. పదోరోజుకి కూడా ఒక్క రోగీ రాలేదు, ఒక్క నొప్పీ రాలేదు. గొంతు లోపలి నుంచి పలకాల్సిన అక్షరాలు ఆమె సాధన చేస్తుంటే అత్తగారు వంటింట్లోంచి వేణ్ణీళ్ళు పట్టుకొచ్చింది.

"ఏమ్మా, ముల్లు ఇరుక్కుందా?"

"అరబ్బీ అత్తయ్యా."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని! ఉద్యోగం ఇవ్వకముందే గొంతు పోగొట్టుకునేట్టున్నావు. సర్లే, తాగు."

ఆ వేణ్ణీళ్ళు తాగుతూండగానే మేనమామ గుర్తొచ్చాడు. రెండు వీధుల అవతలే ఉంటాడు. పదహారేళ్ళు అరబ్బు దేశంలో ఒకే ఇంట్లో కారు నడిపి, నడుం పాడుచేసుకుని తిరిగొచ్చాడు. ఎక్కడ కూర్చున్నా వీపు వెనక దిండు ఉండాల్సిందే, పెళ్ళిపందిట్లోకైనా ఆ దిండు చంకలో పెట్టుకునే వస్తాడు. పెరట్లో పెట్టుకుని ఊరంతా వెతికాననుకుంది.

"నన్నడగవేం ముందే! నీకు ఏనుగులతో, గుర్రాలతో పనేంటే?" అంటూ మర్నాడు పొద్దున్నే దిండుతో సహా దిగబడ్డాడు. ఆమె పుస్తకం తెరిచి, తెలుగు అక్షరాల్లో రాసుకోవడానికి సిద్ధమైంది.

"తఆల్. అంటే ఇలా రా. జీబ్, పట్రా. రూహ్, పో. యల్లా, తొందరగా కానీ. ఇజ్లిస్, కూర్చో. ఉస్కుత్, నోర్మూసుకో."

"చివరిది నాకెందుకు మామయ్యా?"

"రాసుకో, అది రోజూ వచ్చే మాట."

ఆమె నెమ్మదిగా "తఆల్" అంది.

"అలాక్కాదే! కేకేసినట్టుండాలి. మెల్లిగా అంటే అది అరబ్బీయే కాదు. మేడమీంచి కింద గరాజుదాకా వినపడాలి. అను!"

అంది. కింది వాటా ఆవిడ గబగబా మెట్లెక్కి వచ్చి "ఏమైందమ్మా? ఎవరు ఎవర్ని కొడుతున్నారు?" అని అడిగింది.

మిగిలిన నాలుగువారాలూ ఇదే పాట. ఆ మనిషితో పాఠం చెప్పించుకోవడం ఒక ఎత్తయితే, ఆయన కథలు భరించడం ఇంకో ఎత్తు. ఒక మాట చెప్పి, ఆ మాట తనతో ఎప్పుడు అన్నారో, ఏ రోడ్డు మీద అన్నారో, ఆ పూట ఎండ ఎంతుందో చెప్పేవాడు. "జీతం ఎప్పుడని అడిగితే బుక్రా అనేవాళ్ళు. రేపు అని. సెలవెప్పుడంటే బుక్రా. పాస్‌పోర్టు ఎప్పుడిస్తారంటే బుక్రా."

"మా వాళ్ళు కబురు చేస్తామంటారు. మీ వాళ్ళే నయం, ఒక్క మాటలో తేల్చేశారు. సరే మామయ్యా, 'దయచేసి' అంటే ఏంటి?"

ఆయన దిండు సర్దుకున్నాడు. "అదీ... ఉంటుందే. ఉండకుండా ఎలా ఉంటుంది? మా కార్లో అంతగా వాడేవాళ్ళు కాదు."

"పోనీ, వాళ్ళు ఏదైనా అంటే మీరేమనేవాళ్ళు?"

"హాదిర్! అంటే చిత్తం. ఆ ఒక్కటీ వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు."

పరీక్ష ముంచుకొస్తోంది, విసుగుతో తల పగిలిపోతోంది. వేరే మాష్టారు దొరకలేదు. పుస్తకంలో నూట నలభై మాటలు చేరాయి. అన్నీ బట్టీ పట్టింది. ఇది పోతే ఇంక పళ్ళ కౌంటరూ లేదు, పాల కౌంటరూ లేదు, ఇంట్లో కూర్చోవడమే. అది మాత్రం ఆమెకి చేతకాదు.

పరీక్షగదిలో ఇద్దరున్నారు. ఒకాయన హెచ్చార్ ఆఫీసరు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్. అరబ్బీ ముక్క రాదు. రెండో ఆవిడ ఆసుపత్రి దుబాసీ. అరబ్బీయే ఆమె మాతృభాష. ఇక్కడి మనిషిని పెళ్ళాడి పాతికేళ్ళుగా ఇక్కడే ఉంటోంది, తెలుగు మనకన్నా శుభ్రంగా మాట్లాడుతుంది.

"నేను మా అమ్మని తీసుకొచ్చాననుకోండి. ఆవిడ కడుపునొప్పితో అల్లాడుతోంది. నేను మీ కౌంటరు దగ్గరికొస్తాను. మొదలుపెడదాం" అంది దుబాసీ. అని, అరబ్బీలో మెల్లగా, కంగారు నటిస్తూ ఏదో చెప్పింది.

కౌంటరక్క ఊపిరి పీల్చుకుంది. మామయ్య చెప్పినట్టు మేడమీంచి గరాజుదాకా వినపడేలా అందుకుంది. ఇలా రా! ఎందుకు ఆలస్యమైంది? తొందరగా! కాగితం పట్రా! కూర్చో! నోర్మూసుకో! అయిపోయింది, పో!

దుబాసీ కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిగింది.

హెచ్చార్ ఆఫీసరు మొహం మాత్రం వెలిగిపోయింది. "అబ్బో! గడగడా మాట్లాడేస్తున్నారే! ఎక్కడా తడబాటే లేదు!" అంటూ టాబ్లెట్లో ఏదో టిక్కు పెట్టబోయాడు.

"ఆగండి సార్," అంది దుబాసీ. అప్పటికి ఆమెకి నవ్వాగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తుడుచుకుని అడిగింది. "నీకు నేర్పినాయన డ్రైవరు కదమ్మా?"

"మీకెలా తెలుసు?"

"ఇందులో ఒక్క మాటా తప్పు లేదు. పలకడమూ బాగుంది. మా నాన్న మా డ్రైవరుని అచ్చం ఇలాగే కేకలేసేవాడు. అదే విరుపు, అదే గొంతు. నువ్వు మాట్లాడుతుంటే మా ఇంటి వాకిట్లో నిలబడ్డట్టుంది." నవ్వు ఆగిపోయింది. "ఆయన పేరేంటో నాకిప్పటికీ తెలీదు. తఆల్ అనే పిలిచేవాళ్ళం."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "అయితే మరి, మూడునెలల తర్వాత మళ్ళీ దరఖాస్తు చేసుకోండి. మేమే కబురు..."

"చెయ్యరు," అంది కౌంటరక్క. ఏడాదిగా మింగిన విసుగంతా ఒక్కసారి పైకొచ్చింది. "మీ కబుర్లు నాకు తెలుసు సార్. అరబ్బీ రావాలని రాశారు. ఒక పుస్తకమిచ్చారా? ఒక మనిషిని చూపించారా? నాకు దొరికిన మాష్టారు మా మామయ్యే. పదహారేళ్ళు ఆయన చెవిలో ఏం పోశారో అదే నాకు పెట్టాడు. ఆయన చెవిలో ఒక్క మంచిమాట పడలేదంటే తప్పు నాదా, ఆయనదా? నొప్పితో వచ్చినవాళ్ళని ఎలా కూర్చోబెట్టాలో నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. మాటలు ఇవ్వండి, మిగతాది నేను చూసుకుంటా. పదిరోజులు చాలు."

"రూల్సు ఒప్పుకోవండీ."

"ఏ రూలు సార్?" అడిగింది దుబాసీ. "పరీక్ష నాది. పదిరోజుల తర్వాత మళ్ళీ పెడతాను." కౌంటరక్క పుస్తకాన్ని తన ముందుకి లాక్కుంది. "రాసుకో. నొప్పి ఎక్కడ? ఎప్పట్నుంచి? ఏమన్నా తిన్నారా? దయచేసి కూర్చోండి. భయపడకండి..." అలా ఇరవై మాటలు చెప్పింది. అన్నీ నెమ్మదిగా పలికించింది.

ఇంటికొచ్చేసరికి మామయ్య దిండేసుకుని తయారుగా ఉన్నాడు. "ఏమన్నారే? అదిరిపోయారా?"

"అదిరిపోయారు. కుర్చీ వెనక్కి జరిగింది." జరిగింది జరిగినట్టు చెప్పేసింది. కోపంలో కాస్త ఎక్కువే చెప్పింది. "నాలుగువారాలు మామయ్యా! రోగిని పట్టుకుని నోర్మూసుకో అన్నాను!"

ముందు ఆయన కూడా నవ్వాడు. కాసేపటికి నవ్వు మాని దిండు అంచు గిల్లుతూ కూర్చున్నాడు. "నాతో అన్నవే చెప్పానే. వేరేవి నాదాకా రాలేదు."

ఆమె విసురుగా పుస్తకం తెరిచి, కొత్త ప్రశ్న ఆయన మీదే ప్రయోగించింది. మెల్లగా, కౌంటరు గొంతుతో అరబ్బీలో "మీకు నొప్పి ఎక్కడ?" అని అడిగింది.

"హాదిర్!" అన్నాడాయన ఠక్కున.

"మామయ్యా! పని చెప్పలేదు. నొప్పెక్కడని అడిగాను."

"నన్నా?" ఆయన చెయ్యి నడుం మీదికి పోయింది. "నడుమేనే. నడుముకి వాళ్ళ మాటేంటో తెలీదు. వెనక చక్రానికి వాళ్ళ మాట నాకు తెలుసు. యాక్సిల్‌కీ తెలుసు."

"అదే చెప్పండి. వెనక చక్రం నొప్పనండి. ఎప్పట్నుంచి?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు "అన్నయ్యగారి బండి మొత్తం షెడ్డుకెళ్ళాల్సిందేలా ఉందే" అంది. ఆ పదిరోజులూ మామయ్యే రోగి. ఒకరోజు మోకాలు, ఒకరోజు కళ్ళు, ఇంకోరోజు నిద్రపట్టకపోవడం. అడగ్గా అడగ్గా పదహారేళ్ళ నొప్పులన్నీ ఇంజిను భాషలో బయటపడ్డాయి. ఒక్కటీ కల్పించింది కాదు. ఆమె రాసుకుంటూనే విసుక్కుంది. "ఇన్ని పెట్టుకుని ఒక్కనాడైనా చెప్పలేదేం?"

"ఎవరడిగారే?"

రెండో పరీక్షలో దుబాసీ ముసలి రోగిలా మూలిగింది, పెడసరంగా బదులిచ్చింది, ఒకసారి కావాలనే కసిరింది. కౌంటరక్క గొంతు పెంచలేదు. మాట రానిచోట రాదని చెప్పి, చేత్తో చూపించమని అడిగింది. పావుగంట తర్వాత దుబాసీ ఆఫీసరు వైపు తిరిగి "ఇప్పుడు పెట్టుకోండి మీ టిక్కు" అంది.

ఉద్యోగం వచ్చింది. అక్కడితో అయిపోతే మనవాళ్ళ ఆఫీసెందుకవుతుంది? చేరే రోజున హెచ్చార్ ఆఫీసరు టాబ్లెట్లో గడులు నింపడం మొదలుపెట్టాడు. సగంలో ఆగాడు.

"అరబ్బీ నేర్చుకున్న సంస్థ పేరండీ?"

"సంస్థ లేదు. మా మామయ్య."

"సర్టిఫికెట్ నంబరు?"

"పదహారేళ్ళు కారు నడిపాడు. అదే రాయండి."

"అలా రాస్తే ఒప్పుకోదండీ. లిస్టులో ఉన్న పేర్లలోంచే ఎంచుకోవాలి. ఏదో ఒక కోచింగ్ సెంటరు పేరు నొక్కేయనా? ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అందామె. "ఆయన పేరే పెట్టండి. ఇంటిపేరుతో సహా చెప్తాను, రాసుకోండి."

ఆయన కొట్టాడు. ఎర్రచుక్క వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎర్రచుక్కే.

"పట్టడం లేదండీ."

"పట్టేదాకా కొట్టండి సార్. పట్టకపోతే గడి మార్పించండి." ఆమె కుర్చీ ముందుకి లాక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని స్థిమితంగా కూర్చుంది. "నాకేం తొందర లేదు. నా కౌంటరు పక్కగదిలోనేగా."