ఓడదొంగది ఏ ఊరు?

స్టీలు పళ్ళెంలో పాచికలు పడ్డ చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు తనంతట తానే నిటారుగా అవుతుంది. భూపాలపల్లిలో నేను పనిచేసే బడిలో శనివారం మధ్యాహ్నాలు పదో తరగతి పిల్లలతో ఒక కథల ఆట ఆడిస్తాను. ఒక్కొక్కరూ ఒక్కో మనిషిని కల్పించుకుని ఆ మనిషిగా మాట్లాడాలి. ఆ మనిషి తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. నిన్న కొత్తగా చేరిన పిల్ల తనకు ఓడదొంగ కావాలంది. పేరు రాసింది, కత్తి రాసింది, నేపథ్యం అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "టీచర్, వీడు ఎవల పిలగాడని రాయాలె?" అనడిగింది. యాకమ్మ మేడం ఎదురుగా కూర్చుని నా జవాబు కోసం చూస్తున్నట్టే అనిపించింది.

జనగామలో ఇంటర్ చదివేటప్పుడు ఆవిడ మాకు ఇంగ్లీషు చెప్పేది. సొంతూరు నర్సింహులపేట. తరగతిలో నోరు విప్పని పిల్లలను ఏరి ఆదివారం ఇంటికి రమ్మనేది. నేను, సునీత, ఇంకో నలుగురం అలా ఏరిన సరుకే. ఆట నియమాలన్నీ ఒక పొడవాటి నోటుబుక్కులో తెలుగులో ఆవిడే రాసుకుంది. పాచికలు మంచం కిందికి దొర్లిపోతున్నాయని మధ్యలో పెద్ద స్టీలు పళ్ళెం పెట్టేది. ఒక కథ చివరిదాకా ఆడిన వాళ్ళ పేరు గిన్నెల దుకాణంలో ఆ పళ్ళెం అంచు మీద కొట్టించేది, పెళ్ళి సామాను మీద కొట్టించినట్టు. ఆ అంచు మీద నా పేరు చూసుకోవాలని నాకెంత ఆశో చెప్పలేను. మా ఇంట్లో పేర్లు కొట్టించిన గిన్నెలు అటక నిండా ఉండేవి, కానీ ఒక్కదాని మీదా ఆడపిల్ల పేరు లేదు.

మేడం దగ్గర ఒకటే పట్టింపు. "మనిషి గాలిల పుట్టడు. వాని అవ్వ ఎవలు, వాళ్ళింట్ల ఏం వండుకుంటరు, వాడు సస్తే ఎవలేడుస్తరు, గది రాయుండ్రి ముందు. కత్తి ఎనుక," అనేది. ఆ ఆదివారం కొత్త కథ, సముద్రం కథ. నేను ఓడదొంగనయ్యాను. నేపథ్యం దగ్గర పెద్దగా ఆలోచించలేదు. "తండాలో పుట్టాడు. వాళ్ళకు దొంగతనం పుట్టుకతోనే వస్తుంది," అని రాసి, అందరి ముందూ గట్టిగా చదివాను. మా ఇంట్లో అన్నం కలుపుకుంటూ అనే మాటే అది. పక్కన మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్న సునీతది కొడకండ్ల దగ్గర తండా అని నాకు తెలుసు. తెలిసే చదివాను. అది తన గురించి అని మాత్రం నాకు తట్టలేదు, అంత మొద్దుబారి ఉన్నాను.

సునీత చేతిలోని పాచికలు పళ్ళెంలో మెల్లగా పెట్టింది. "మేడం, నాకు బస్సున్నది," అని లేచి వెళ్ళిపోయింది.

మేడం తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అందరినీ పంపించి నన్ను కూర్చోబెట్టింది.

"మీ ఇంట్ల ఏమన్న పోయిందా ఎన్నడన్న?"

"బాయి కాడి మోటరు పోయింది మేడం, రెండేండ్ల కింద."

"ఎవలు తీసిన్రు?"

లింగాల ఘనపూర్‌లో మా ఇంటి గోడల మధ్యే మిగిలిన సంగతి అది. మోటారు పోయిన రోజు నాయిన పక్క తండా నుంచి కూలికొచ్చే మనిషిని పట్టుకుని వాకిట్లో అందరి ముందూ కొట్టాడు. నెల తిరక్కుండానే అసలు సంగతి తెలిసింది. పేకాట పిచ్చిలో చిన్నాయినే దాన్ని ఊడదీసి అమ్మేశాడు. ఆ మాట ఇల్లు దాటలేదు. ఆ కూలి మనిషి దగ్గరికి ఎవరూ పోలేదు. అదంతా మేడంకు చెప్పాను.

ఆవిడ నా కాయితం నా ముందుకు జరిపింది. "గట్లయితే నీ ఓడదొంగది ఏ ఊరు బిడ్డా?"

వారమంతా రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. కాలేజీలో సునీతను ఆపి మాఫ్ చెయ్యమని కాయితం చేతికియ్యబోయాను. తను తీసుకోలేదు. "అందరి ముందట సదివినవ్ గదా. గిది గూడ అందరి ముందటనే సదువు," అంది.

ఆదివారం తను వచ్చింది. పళ్ళానికి అవతలి అంచున కూర్చుంది. నేను చదివాను. "వీడిది లింగాల ఘనపూర్. వీళ్ళింట్లో అటక నిండా గిన్నెలున్నాయి. సొంత బావి మోటారు తానే అమ్ముకున్నాడు. ఆ నింద మోసిన కూలి మనిషికి ఈ ఇంటి నుంచి ఒక్క మాట కూడా పోలేదు. అందుకే వీడికి ఒడ్డు లేదు." సునీత పాచికలు తీసుకుని వేసింది. ఆట మొదలైంది.

జనగామలో చదివిన మాట మూడు రోజుల్లో మా ఇంటికి చేరింది. "ఇంటి పరువు బజార్ల పెడ్తవా?" అని నాయిన ఆదివారాలు బంద్ చేశాడు. ఆ కథ చివరిదాకా నేను ఆడలేదు. సునీత, నేను మళ్ళీ మునుపటి స్నేహితులం కూడా కాలేదు. ఎదురైతే పలకరించుకునేవాళ్ళం, అంతే. చాలా ఏళ్ళు ఆ నష్టానికి మేడం మీదే కోపం పెట్టుకున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనకుండా నా చేతనే అనిపించిందని, అది తిట్టుకంటే పెద్ద శిక్ష అని. ఆ కోపంతోనే ఆవిడను చూడ్డానికి పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పోయినేడు మహబూబాబాద్ నుంచి ఫోను వచ్చింది. సునీత. అక్కడి దవాఖానలో నర్సుగా చేస్తోంది. "మేడం తెల్లారంగ పోయింది. ఆఖరి వారం నా వార్డులనే ఉండె. నీకియ్యమని ఒకటిచ్చింది, రా," అంది.

నేను వెళ్ళేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. దవాఖాన మెట్ల మీద కూర్చుని సునీత సంచిలోంచి ఆ పళ్ళెం తీసింది. అంచు చుట్టూ ఏళ్ళ తరబడి కొట్టించిన పేర్లు. తన పేరు పక్కనే నా పేరు.

"నేను కథ పూర్తి చెయ్యలేదు గదా. మేడం ఎందుకు కొట్టించింది?" అన్నాను.

"మేడం గాదు, నేనే కొట్టిచ్చిన, కాలేజీ అయిపోయినంక. మాఫ్ చేసిన అనుకోకు. ఆ కూలాయిన్ని నువ్వు కలిసినవో లేదో నాకు తెల్వదు. గని ఆ దినం సదివినవ్. సదివిన పేరు ఉండాలె."

ఆ మెట్ల మీద వెక్కి వెక్కి ఏడ్చాను. సునీత ఓదార్చలేదు, లేచి కూడా పోలేదు. మర్నాడు మా ఊరు వెళ్ళి తండాకు నడిచాను. ఆ మనిషి పోయి నాలుగేళ్ళయిందన్నారు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. మోటారు ఎవరు తీశారో చెప్పాను. ఆవిడ నా ముఖం చూసి, "గీ మాట ఆయన ఇన్నంకనన్న పోతే బాగుండు బిడ్డా," అంది.

నిన్న ఆ పిల్ల పెన్ను ఆపి ఇంకా నన్నే చూస్తోంది. కొత్త కథ మొదలుపెట్టిన ప్రతిసారీ చేసేదే చేశాను. సొరుగులోంచి మడతలు పడ్డ నా పాత కాయితం తీసి, పిల్లలందరి ముందూ మొదట నాదే చదివాను. చివర ఆ కూలి మనిషి భార్య అన్న మాట కూడా ఇప్పుడు అందులో రాసి ఉంది.