పోశం సార్ ఆపిన బౌట్

కరీంనగర్ థియేటర్‌లో దీపాలు ఆరాక, తెర మీద బొమ్మ కంటే ముందు చప్పుడు వచ్చింది. ఇసుక సంచి మీద గ్లవ్ పడే మొద్దు చప్పుడు. ఒక బాక్సర్ జీవితం మీద తీసిన సినిమా అది. పెద్దపల్లిలో నా దగ్గర బాక్సింగ్ నేర్చుకుంటున్న ఆడపిల్లలను వెంటబెట్టుకుని పోయాను. ఆ చప్పుడు చెవిన పడగానే మా బొగ్గుగని కాలనీ, అక్కడి కమ్యూనిటీ హాలు, నాకు ఆట నేర్పిన పోశం సార్ కళ్ళముందుకొచ్చారు.

సినిమా మొదటి సగం నిజాయితీగా ఉంది. ఆ నటుడు కండలు పెంచి ఊరుకోలేదు, కాళ్ళు కదపడం నేర్చుకున్నాడు. దెబ్బ కొట్టిన చేతిని మళ్ళీ గడ్డం దగ్గరికి తెచ్చుకోవడం ఎక్కడా మరిచిపోలేదు. ఓడిన రోజు ఉబ్బిన మూతితో నమలలేక, అన్నంలో మజ్జిగ పోసుకుని మింగే దృశ్యం చూసి నా పిల్లలెవరూ నవ్వలేదు. అది వాళ్ళకు తెలిసిన బాధే. తేడా కొట్టింది చివరి పోటీ దగ్గర. నెత్తురు కారి కన్ను మూసుకుపోయినా, చావు గానీ పడిపోకు అని కోచ్ అరుస్తూనే ఉంటాడు. హీరో గెలుస్తాడు. హాలంతా ఈలలు. నా చేతులు మాత్రం చప్పట్లకు లేవలేదు.

పోశం సార్ భూగర్భ గనిలో కార్మికుడు. వయసులో ఉన్నప్పుడు టోర్నమెంట్లు ఆడినవారు. షిఫ్టు దిగి, స్నానం చేసినా రెప్పల అంచున నలుపు పోని కళ్ళతో సాయంత్రం హాలుకు వచ్చేవారు. అమ్మానాన్నలను మేము అవ్వ, బాపు అంటాం. బాపు కూడా అదే గనిలో పనిచేసేవాడు. నాకు పళ్ళు రాలతాయని అవ్వ అడ్డుపడితే, ముందు పళ్ళు కాపాడుకోవడమే నేర్పుతానని సార్ మాటిచ్చారు. అన్నట్టే నెలల తరబడి వంగడం, తప్పుకోవడం, పక్కకు జరగడం తప్ప ఇంకేమీ చేయనివ్వలేదు. విసుగొచ్చి అడిగాను.

"కొట్టుడు ఎవలైనా కొడ్తరు బిడ్డా. ఇంటికి మంచిగ పోవుడు నేర్చుకో" అన్నారు.

ఆదిలాబాద్‌లో ఒక టోర్నమెంట్ ఫైనల్ బౌట్ జరిగింది. అవతల కాగజ్‌నగర్ అమ్మాయి, నాకంటే పొడుగు. మొదటి రెండు రౌండ్లూ నావే. ఆఖరి రౌండ్‌లో ఆమె కుడిచేయి నా చెవి పైన తగిలింది. నొప్పి తెలియలేదు. నిలబడే ఉన్నాను, కొడుతూనే ఉన్నాను. అంతలో సార్ నిలబడ్డ మా మూల నుంచి తెల్ల తువ్వాలు వచ్చి రింగులో పడింది. మా అమ్మాయి ఇక ఆడదు అని కోచ్ చెప్పే గుర్తు అది. రిఫరీ ఆ అమ్మాయి చేయి పైకెత్తాడు. నన్ను పరీక్షించిన డాక్టర్ భయపడాల్సిందేమీ లేదన్నాడు. దాంతో నాకు ఇంకా మండింది. తిరిగొచ్చే బస్సులో సార్ పక్కన కూర్చోలేదు. వారాల పాటు హాలు ముఖం చూడలేదు.

ఒక సాయంత్రం సార్ మా క్వార్టర్‌కు వచ్చారు. నన్ను బతిమాలలేదు, కోప్పడనూ లేదు. అవ్వ ఇచ్చిన చాయ్ తాగుతూ గని సంగతి చెప్పారు. లోపల ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చూస్తారట. గట్టిగా మోగితే పని సాగుతుంది. డొల్లగా వినిపిస్తే కప్పు కూలబోతోందని అర్థం, అన్నీ వదిలేసి బయటికి రావాలి. ఫైనల్లో ఆ దెబ్బ తగిలాక నా కళ్ళు తన వైపు తిరిగాయట, కానీ అవి తనను చూడలేదట.

"నా జతగాడికి గా చప్పుడు ఇనవడ్డది. నాకూ ఇనవడ్డది. నేను ఉరికిన. ఆయన ఇంకొక్క టబ్బు బొగ్గు నింపి వస్త అన్నడు." సార్ కప్పు కింద పెట్టారు. "రాలే."

బాపు తల వంచుకున్నాడు. నేను మాత్రం, "నాకేం కాలే గద సార్" అన్నాను.

"కాకపోయేదేమో. గా సంగతి నాకు ఎన్నడు తెల్వది. తెల్వకున్నా మళ్ళ గట్లనే ఆపుత."

మరునాడు హాలుకు పోయాను. ఆ తర్వాత రాష్ట్ర పోటీల్లో గెలిచాను, ఓడాను కూడా. సార్ పోయేదాకా ఆ తువ్వాలు తప్పో ఒప్పో మేమిద్దరం తేల్చుకోలేదు.

తువ్వాలు విసిరే కోచ్ తెర మీద పిరికివాడిలా కనబడతాడని దర్శకుడు అనుకుని ఉంటాడు. గెలుస్తున్న ఆటను, తిట్లు తప్పవని తెలిసీ, అందరి ముందు ఆపడానికి ఎంత గుండె కావాలో నేను చూశాను. దాన్ని తెరకెక్కించి ఉంటే ఇది గొప్ప సినిమా అయ్యేది. ఇప్పుడు బాగా తీసిన సినిమా, అంతే.

ఇంటికి వచ్చేటప్పుడు పిల్లలకు ఇదంతా చెప్పాను. వాళ్ళలో అందరికంటే గట్టిగా కొట్టే శ్రావణి, "మీరైతే ఆపుతరా మేడం?" అని అడిగింది. ఆపుతానన్నాను.

"గెలుస్తున్నా?"

"గెలుస్తున్నా ఆపుత."

ఆమెకు నచ్చలేదు. పెద్దపల్లి వచ్చేదాకా మొహం తిప్పుకుని కూర్చుంది. నేనూ నచ్చజెప్పలేదు. ఆ కోపానికి ఓర్చుకోవడం కూడా నేను సార్ దగ్గరే నేర్చుకున్నాను. తెల్లారి శ్రావణి అందరికంటే ముందు గ్రౌండుకు వచ్చింది. మొహం ఇంకా ముడుచుకునే ఉంది. గ్లవ్స్ కింద వేసుకునే పట్టీలు చుట్టమని రెండు చేతులూ నా ముందు చాపింది.