మడత దగ్గర విరిగే అట్ట

అట్టల మిల్లులో తడి అట్టని ఆరబెట్టే ఆవిరి డోళ్ళ దగ్గర పని కాబట్టి, వీధిలో అందరూ అతన్ని ఆవిరాయన అంటారు. అతని తండ్రి కూడా ఆ డోళ్ళ దగ్గరే పనిచేశాడు. ఆ రోజుల్లో ఇక్కడి అట్ట ఓడెక్కి అవతలి దేశం వెళ్ళేది. "అగ్గిపెట్టె చేసుకోవాలన్నా వాళ్ళకి మన అట్టే దిక్కు" అని ముసలాయన మీసం దువ్వేవాడు. ఇప్పుడు అట్ట అటునుంచి ఇటు వస్తోంది. ఇటునుంచి వెళ్ళేది చెత్తకాగితం.

ఆ చెత్తకాగితాన్ని లారీలో రేవుకి తోలేది స్వయానా అతని బావమరిది. ఆ వచ్చే అట్టతో ఇంట్లో కేకుల పెట్టెలు చేసేది స్వయానా అతని భార్య. రెండు దేశాల ఎగుమతి దిగుమతులు ఒకే గడపలో కాపురం చేస్తుంటే ఆవిరాయన గొంతులో వెలక్కాయ పడ్డట్టుండేది.

ఊళ్ళో పెట్టెలవాళ్ళు మన అట్ట కొనకపోతే నెలాఖరుకి మెషీను ఆపేస్తామని మేనేజరు చెప్పేశాడు. ఆ సాయంత్రం ఆవిరాయన మిల్లు అట్ట కట్టొకటి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు.

"ఈసారి ఆర్డరు దీంతో చెయ్యి."

భార్య ఒక షీటు తీసి మడిచింది. మడత మీద తెల్లగా పగిలింది. "ముట్టుకుంటేనే అలుగుతోందండీ. మీకంటే తొందరగా."

"కాస్త నెమ్మదిగా మడవరాదూ?"

"నెమ్మదిగా మడవడానికి ఇదేం పసిపిల్ల చెయ్యా?"

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న బావమరిది పకాలున నవ్వాడు.

"నవ్వకురా. మంచి కాగితమంతా నువ్వేగా ఓడెక్కిస్తున్నావు! అట్ట చెయ్యడానికి మా మిల్లుకి మిగిలేది నాలుగుసార్లు నలిగి నానిన పిప్పి. నారలో పస లేకపోతే మడత ఎలా నిలుస్తుంది?"

"అవతలి దేశం వాళ్ళిచ్చే రేటులో సగమైనా మీ మిల్లు ఇవ్వదు. నా లారీ నీ మొహం చూసి నడుస్తుందా బావా?"

ఆవిరాయన తలెత్తి కప్పు వైపు చూశాడు. మొన్న ఈ ఇంటి కప్పు మార్పించింది ఆ లారీ డబ్బే. సొంత సరుకే కొనండని గోడల మీద రాసేవాళ్ళు పెట్టెలు మడవరు, లారీలు తోలరు.

భార్య కట్ట వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "సరే, ఇలా పెట్టండి" అంది.

పెట్టెలు అందించిన రెండు రోజులకే, ఆర్డరిచ్చిన బేకరీ అన్నిటినీ తిప్పి పంపింది. ఒకదాని అడుగు ఊడి కేకు కాస్తా కొన్నావిడ కాళ్ళ మీద పడిందట. భార్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. విరిగిన పెట్టెలు పక్కకి సర్ది, "ఇంకో కట్ట తేగలరా? మడత దగ్గర టేపు అంటించి చూస్తాను" అంది.

టేపు ఖర్చుతో ఆమెకి మిగిలేది సున్నా. బేకరీ ఇంకోసారి నమ్మితే ఆ సున్నా అయినా దక్కుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వద్దులే" అన్నాడు ఆవిరాయన. మర్నాడు తనే దుకాణానికి వెళ్ళి అవతలి దేశపు అట్ట మోసుకొచ్చాడు.

నెలాఖరున ఆవిరి కవాటం మూసింది కూడా అతనే. ఆ పని ఇంకొకరికి రాదు. డోళ్ళు ఒక్కసారిగా చల్లారవు. తోటివాళ్ళు అన్నం డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయారు.

"ఇంకా ఏం చేస్తావయ్యా, ఇంటికెళ్ళు" అన్నాడు మేనేజరు.

"వెళ్తానండీ" అన్నాడు, డోలు మీద చెయ్యి తియ్యకుండానే. ఇంకా వెచ్చగానే ఉంది.