రొద లేని మైకు

ఇరవై ఏళ్ల స్నేహాన్ని నాలుగు నిమిషాల్లో ఎలా కూల్చవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. నిమిషాలు ఉజ్జాయింపు కాదు, గడియారం చూసి డైరీలో రాసుకున్నాను.

మూడేళ్ల కిందట నాకు అరవై ఎనిమిది. అంటే ఇప్పటికన్నా మూడేళ్ల బుద్ధి తక్కువ. అశోక్‌నగర్‌లో మా కాలనీ పాటల సభలో నేను అకార్డియన్ వాయించాలి, నా స్నేహితురాలు నల్లకుంట సరళ పాడాలి. పెళ్లయ్యాక ఆమె స్టేజీ ఎక్కడం అదే మొదలు.

"నువ్వు పక్కన ఉంటేనే పాడుత అక్క. లేకుంటే కాళ్లు వణుకుతయ్" అంది.

నా దిగులంతా మైకు మీద. అంతకు ముందటేడు కిరాయి మైకులో నా అకార్డియన్ ప్రెషర్ కుక్కర్‌లో ఇరుక్కున్న పిల్లిలా అరిచింది. అది గుర్తొచ్చి కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏదో ఒక యంత్రం విప్పి చూడాలనిపించేది. చివరికి కోఠీ వెళ్లి గోరంత మైకులు రెండు తెచ్చాను. అకార్డియన్ ముందున్న జాలీ మీద, నా గడ్డానికి పదకొండు సెంటీమీటర్ల దూరంలో, స్పాంజిలో కూర్చోబెట్టాను. అవి పట్టిన సన్నని శబ్దాన్ని పెంచే ప్రీయాంప్‌ను స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించాను.

గుయ్‌మని మోత. చార్జర్ తీసి బ్యాటరీ పెడితే మోత పోయి బుస మిగిలింది. ఫ్రిజ్ ఆపాను. బుస పోలేదు, పాలు విరిగాయి. వైర్లు మార్చాను, టంకాలు ఊడదీసి మళ్లీ వేశాను. పంతొమ్మిదోసారి మూత బిగించాక నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, హెడ్‌ఫోన్‌లో పక్కగది గడియారం నడక వినిపించింది.

నారాయణగూడలో సౌండు సామాను కిరాయికిచ్చే యాదగిరి విని భయపడ్డాడు.

"జర తగ్గించు అమ్మా. గింత పెంచితే నీ ఊపిరి గూడ వినవడ్తది."

"వినపడనీ. నా ఊపిరి తాళం తప్పదు" అన్నాను.

సభలో సరళ వణుకుతూ పల్లవి ఎత్తుకుంది. నాకో అలవాటుంది. పాడేవాళ్లు తప్పు చేస్తే లోగొంతుతో గొణుక్కుంటూ లెక్క వేస్తాను. ఇంట్లో మైకును పరీక్షించినప్పుడు నేను ఒక్కదాన్నే. తప్పు పట్టడానికి ఎవరూ లేరు.

"ఒకటి. శ్రుతి దిగింది. రెండు. అరమాత్ర ముందు. మూడు. చీర మీదున్న శ్రద్ధ చరణం మీద లేదు."

స్పీకర్లు జనం వైపు తిరిగి ఉన్నాయి. నా చెవుల్లో అకార్డియన్, పక్కనున్న సరళ గొంతు తప్ప మరేమీ లేదు. జనం నవ్వుతుంటే పాట నచ్చిందనుకుని నేనూ తలూపాను.

సరళ పాట ఆపి, నా వైపు తిరిగి, మైకులోనే అడిగింది: "మొత్తం ఎన్నయినయ్ అక్క?"

"ఏడు" అన్నాను. లెక్క అడిగితే చెప్పకుండా ఉండలేను.

ఈసారి హాలంతా గొల్లున నవ్వింది. స్టేజీ పక్క నుంచి యాదగిరి, "అమ్మా, నువ్వన్నదంతా బయటికే పోతున్నది" అన్నాడు.

సరళ కోపం ఆమె కాళ్ల వణుకును మింగేసింది. రెండో చరణం గీత గీసినట్టు పాడింది. తర్వాత అకార్డియన్ ఒక్కటే వాయించే బిట్టు నాది. వేళ్లు చెమటకు జారుతున్నాయి. సరళ తన మైకును నోటి దగ్గరికి తీసుకుంది.

"ఒకటి" అంది తాపీగా. "రెండు. ఆగక్క, గదేం మీట? మూడు."

పాట అయ్యాక జనం లేచి చప్పట్లు కొట్టారు. మెట్లు దిగుతూ సరళ, "నావి ఏడు, నీవి తొమ్మిది. రాస్కో" అంది. రాసుకున్నాను. ఆ తర్వాత పదహారు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. పదిహేడో రోజు తనే చేసి, వచ్చే సభకు ఏ పాటో అడిగింది.

కనుక చదువరుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై వాయిస్తున్నంతసేపు నోట్లో లవంగం పెట్టుకుని పెదవి విప్పను. సరళ పాడే రోజున రెండు లవంగాలు.