ఇస్త్రీ బాబాయ్, పోలీసు కుక్క, నేను రాసిన నాలుగు పేజీలు

నల్లకోటు కొత్తగా వేసుకున్న ఆ రోజుల్లో, ఎదుటి మనిషి నోరు తెరవకముందే అతని కేసు నాకు అర్థమైపోయేది. అది విద్య అని నేనూ, జబ్బు అని మా అమ్మా అనుకునేవాళ్ళం. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర మా ఇల్లు, సికింద్రాబాద్‌లో మా సీనియర్ గారి ఆఫీసు, రెంటికీ మధ్య నా స్కూటీ. కోటు మడత కాస్త నలిగితే న్యాయశాస్త్రమే నలిగినట్టు బాధపడేదాన్ని. ఆ మడత పెట్టేది మా ఇస్త్రీ బాబాయ్. వీధి మలుపులో బండి మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకుని, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కాలనీ బట్టలన్నీ సాపు చేసిన మనిషి. చిన్నప్పుడు నన్ను 'బిడ్డా' అనేవాడు. కోటు వేసుకున్న రోజు నుంచి 'మేడం' అన్నాడు. (వద్దని నేను అనలేదు. ఎందుకంటాను?)

ఆ ఏడు పక్క వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. దొంగ వెండి సామాను ఆ ఇంటి దిండు గలీబుల్లోనే కుక్కుకుని పోతూ, గోడ దగ్గర ఒక ఖాళీ గలీబు జారవిడిచాడు. పోలీసులు కుక్కను తెచ్చారు. అది గలీబు వాసన చూసి, వీధంతా తిరిగి, తిన్నగా బాబాయ్ బండి దగ్గరకు వచ్చింది. దాన్ని పట్టుకున్న పోలీసు చేతిలోంచి తాడు జారిపోయింది. కుక్క బాబాయ్ కుడిచేతిని మోచేతి కింద పట్టేసింది. ఆసుపత్రిలో కుట్లు వేయించి, స్టేషన్‌లో రెండు రోజులు కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. అసలు దొంగ ఇప్పటికీ దొరకలేదు.

కాలనీలో ఎవరూ బాబాయ్‌ని దొంగ అనలేదు. అని ఉంటే పోట్లాడేవాడు. "ఈ వారం బట్టల్లేవు" అని గేటు అవతల నిలబెట్టే చెప్పేవారు, అంతే. అంతకుముందు వంటింటి దాకా వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగిన మనిషి. కట్టు విప్పాక కూడా ఆ చేతికి పని లేకుండా పోయింది. అప్పుడు మా ఆఫీసుకు వచ్చాడు.

"పైసలు వస్తే రానీ, లేకుంటే లేదు మేడం. నేను దొంగను కానని కోర్టు కాయితంల ఒక్క ముక్క రాయించుండ్రి, సాలు. ఇంకో మాట సుత వినుండ్రి, ఆ గలీబు ఉంది సూడుండ్రి..."

నేను చెయ్యెత్తి ఆపాను. గలీబు సంగతి పోలీసుల కేసనీ, మనది నష్టపరిహారం కేసనీ బోధించాను. తర్వాత కోర్టు వరండాలో ఒకసారి, నేను స్కూటీ ఎక్కుతుండగా ఒకసారి మళ్ళీ ఆ గలీబు దగ్గరే మొదలుపెట్టాడు. పెద్దాయనకు చాదస్తం పట్టుకుందని జాలిపడ్డాను కూడా.

కుక్క ఎంత మంచిదైతే దాన్ని పట్టుకున్నవాడి నిర్లక్ష్యం అంత పెద్దదవుతుందని మా సీనియర్ గారు ఒక మాటన్నారు. నేను ఆ మాటను నెత్తికెత్తుకున్నాను. ఆ జాగిలం శిక్షణ కాగితాలన్నీ సంపాదించాను. (దాని సర్టిఫికెట్లు నావాటికంటే ఎక్కువ. ఫొటోలో కూడా నాకంటే బుద్ధిమంతురాలిలా ఉంది.) 'ఇంతటి శిక్షణ పొందిన జాగిలం తనంతట తాను పొరబడే అవకాశం లేదు' అంటూ నాలుగు పేజీలు రాసి, అమ్మకు చదివి వినిపించాను. అమ్మ పోపు వేస్తూ అంతా విన్నది.

"కుక్కని బాగానే పొగిడావు. మరి ఆయన గురించి ఏదే?"

నీకు చట్టం తెలియదులే అన్నాను.

కేసు గెలిచాం. కుక్క గొప్పతనం మీద ప్రభుత్వ లాయరు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు, పాపం ఎందుకు చెబుతాడు. తీర్పు ప్రతి పట్టుకుని నేరుగా బాబాయ్ బండి దగ్గరికే వెళ్ళి, నలుగురూ వినాలని గట్టిగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. నిర్లక్ష్యం రుజువైంది, పరిహారం ఇవ్వాలి, బాగుంది. ఆ కింద వాక్యం దగ్గర నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. జాగిలం పొరబడే అవకాశం లేదని పిటిషనరే, అంటే బాబాయే, చెబుతున్నాడట. రోజూ సాయంత్రం నడకకు వచ్చే రిటైర్డ్ అంకుల్ ఒకాయన ఆగి విన్నాడు. "అంటే కుక్క కరెక్టేనన్నమాట" అని, నడక సాగించాడు. కాగితమంతా వెతికాను. బాబాయ్ అడిగిన ఆ ఒక్క ముక్క ఎక్కడా లేదు. నేను అడగనిది కోర్టు మాత్రం ఎలా రాస్తుంది?

బాబాయ్ చల్లారిన ఇస్త్రీపెట్టెను పక్కకు జరిపాడు.

"కుక్క తప్పు చెయ్యలే బిడ్డా. ఆ గలీబు ముందురోజు నేనే ఇస్త్రీ చేసిచ్చిన. నా చెయ్యి వాసన గాక ఇంకెవ్వలది వస్తది? గదే చెప్దామని మూడుసార్లు షురూ చేసిన."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంత తేలిక సంగతి, కాలనీలో ఎవరికి చెప్పినా అర్థమయ్యే సంగతి, కోర్టుకు ఒక పేరాలో చెప్పగలిగే సంగతి. మళ్ళీ పిటిషన్ వేద్దాం బాబాయ్ అన్నాను. ఇంకో కాయితం వద్దన్నాడు. నెల తిరక్కుండా బండితో సహా అల్వాల్ వెళ్ళిపోయాడు. అక్కడ కుక్క సంగతి ఎవరికీ తెలియదు. పరిహారం వచ్చిందో లేదో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గరే ఇద్దరు జూనియర్లున్నారు. ఎవరైనా 'ఇంకో మాట' అంటే కలం కింద పెట్టేస్తాను. అందుకే నా ఆఫీసులో పని ఎప్పటికీ తెమలదు. నెలకోసారి కోటు పట్టుకుని అల్వాల్ వెళ్తాను. మా కాలనీ వాళ్ళకు గలీబు సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పానని అతనికి చెప్పాను. "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నాడు గానీ తిరిగి రాలేదు. కుడిచేతికి పట్టు తగ్గి ఎడమచేత్తో ఇస్త్రీ చేస్తాడు. మడత వంకరగా వస్తుంది. నేను దాన్ని అలాగే వేసుకుని కోర్టుకు వెళ్తాను. ఈమధ్య మా జూనియర్ పిల్ల, క్లయింటు చెబుతున్నది మధ్యలో ఆపేసి మరీ, మేడం మీ కోటు మడత వంకరగా ఉందంది. అచ్చం నేనే. నవ్వొచ్చింది. ముందు ఆయన్ని చెప్పనివ్వమ్మా అన్నాను.