మంచం హ్యాండిల్ నా జేబులో

బుధవారం. పొద్దున్నే నర్సింగ్ ట్రైనింగుకి వార్డులో అడుగు పెట్టగానే, నాకు అప్పగించిన పేషెంటు తాతగారు నన్ను చూసి నవ్వారు. పక్షవాతం వచ్చాక అదే మొదటి నవ్వు. కొల్లేరు లంకల మనిషి, ఇప్పుడు ముక్కు గొట్టంలోంచే ఆహారం. మంచం కాళ్ళ దగ్గరి హ్యాండిల్ తిప్పి, తల వైపు ఎత్తి నెమ్మదిగా రాగిజావ పట్టాను. "గంటసేపు దించకండి, జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని వాళ్ళబ్బాయికి రెండుసార్లు చెప్పాను.

పది నిమిషాల్లో తిరిగొస్తే మంచం చదునుగా ఉంది, తాతగారు ఉక్కిరిబిక్కిరవుతున్నారు. గబగబా హ్యాండిల్ తిప్పి మంచం లేపి, వార్డు సిస్టర్ గారిని కేకేశాను. గండం గడిచింది.

"భోంచేశాక నడుం వాల్చడం నాన్నగారికి అలవాటండీ. ఈ చదువుకునే పాపే సరిగా పట్టలేదు" అన్నాడు ఆ కొడుకు. సిస్టర్ గారి తిట్లు నాకు పడ్డాయి, అదీ తాతగారి ఎదుటే.

కక్ష అనే మాట ఇన్నాళ్ళూ పుస్తకాల్లో చదివాను, ఈ రోజు దాని రుచి తెలిసింది. రేపు పొద్దున జావ పట్టగానే ఆ హ్యాండిల్ ఊడదీసి ఏప్రన్ జేబులో వేసుకుని, గంటసేపు మంచం పక్కనే నిలబడతాను. కావాలంటే ఆ కొడుకుని "పాప" అనకుండా "సిస్టర్ గారూ" అని అడగమనండి. అప్పుడు కూడా ఇవ్వను. మీరైతే ఇస్తారా?